పటాలం చరిత్రకు సాక్షి ఎవరు?

పటాలం చరిత్ర అనగానే గాజు బీరువాలోని పాత తుపాకులు, ఆఫీసర్స్ మెస్‌లో మెరిసే వెండి కప్పులు గుర్తొస్తాయి. అవి చరిత్రకు నగలు మాత్రమే. దాని ప్రాణం రెండు చోట్ల ఉంటుంది: యుద్ధంలో దిగిన యూనిట్ ఏ రోజుకారోజు రాసుకునే వార్ డైరీలో, పోరాడి తిరిగొచ్చిన సిపాయి నోటిలో. కాగితం మీదుంటే సాక్ష్యం, ముసలి సైనికుడు చెబితే కాలక్షేపం అనుకోవడం మనకు అలవాటైపోయింది. కానీ డైరీ రాయాలన్నా ఎవరో ఒకరు మిగలాలి, కబురు అందాలి. కంపెనీకి కంపెనీయే నేలకొరిగిన చోట కాగితం ఏం చెబుతుంది?

రెజాంగ్ లా చూడండి. లడఖ్‌లో చుషుల్ దగ్గర, 16 వేల అడుగులకు పైనున్న కనుమ అది. 1962 చైనా యుద్ధంలో, నవంబర్ 18న చైనా సేన దాడి చేసినప్పుడు అక్కడ కాపున్నది మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలోని 13వ కుమావూన్ బెటాలియన్ చార్లీ కంపెనీ, సుమారు 120 మంది. మధ్యలో కొండ అడ్డు రావడంతో మన ఫిరంగుల సాయం వాళ్లకు అందలేదు. ప్రాణాలతో బయటపడ్డ కొద్దిమంది జరిగింది చెబితే మొదట నమ్మినవాళ్లు తక్కువ. ఓడిన సైన్యం గొప్పలు చెప్పుకుంటోందనుకున్నారు. 1963 ఆరంభంలో మంచులో ఆ కందకాలు బయటపడ్డాయి. గడ్డకట్టిన దేహాలు పోరాడిన చోటే ఉన్నాయి. గాయపడ్డవాళ్లకు సూది మందు వేస్తున్న నర్సింగ్ సహాయకుడి చేతిలో సిరంజి అలాగే ఉంది. సిపాయిలు నోటితో చెప్పినదానికి కందకాలే సంతకం పెట్టాయి.

జ్ఞాపకం మోసం చేస్తుందన్న అభ్యంతరం ఉంది. నిజమే, చేస్తుంది. ఆ పోరులో చైనా వైపు ఎందరు చనిపోయారన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. పొగలో, చీకట్లో శత్రువు శవాలను ఎవరు లెక్కపెట్టారు? అందుకే చెప్పినవాడు ఎక్కడ నిలబడి చూశాడో ముందు అడగాలి. తన కందకంలో జరిగిందానికి అతనే గట్టి సాక్షి, పక్క కొండ మీద జరిగిందానికి కాదు. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి, మ్యాపు ముందు పెట్టి, డైరీలోని గంటలతో సరిచూస్తే పొల్లు పోయి గింజ మిగులుతుంది. పైగా కాగితమేమీ అందరికీ తెరిచిపెట్టి లేదు. అదే 1962 యుద్ధంపై వచ్చిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ విడుదల చేయలేదు. యుద్ధ పత్రాలను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలన్న విధానాన్ని రక్షణ శాఖ 2021లో గానీ ప్రకటించలేదు. అంతకాలం చాలామంది సిపాయిలు ఉండరు.

రెండో అభ్యంతరం బరువైనది: పటాలం చరిత్రంటే స్వోత్కర్షే కదా, వలస పాలకుల కొలువును కూడా కీర్తించాలా? ఇది మన హైదరాబాద్ సంగతి కూడా. ఈ కుమావూన్ రెజిమెంట్ 1945 దాకా 19వ హైదరాబాద్ రెజిమెంట్. దాని మూలం, బొల్లారం స్థావరంగా బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్. మొదటి పరమ వీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ సైన్యంలో చేరింది ఆ హైదరాబాద్ పేరు కిందే. అదే కంటింజెంట్ 1858లో బ్రిటిష్ సేనాని హ్యూ రోజ్ సేనతో కలిసి ఝాన్సీలోనూ, మధ్య భారతంలో ఇతర చోట్లా తిరుగుబాటుదార్ల మీద కత్తి దూసింది. స్వదేశీయుల మీద గెలిచిన అలాంటి యుద్ధాలకు స్వతంత్ర భారత సైన్యం పండుగ చేయదు. అది సబబే. పండుగ మానడం వేరు, పుటలు చింపడం వేరు. సోమనాథ్ శర్మ బద్గామ్‌లో చూపిన వీరత్వాన్ని మనదనుకునేవాళ్లు ఝాన్సీ మచ్చనూ మనదే అనుకోవాలి. మచ్చ కడిగేసిన చరిత్రను కొత్తగా చేరే కుర్రాడు కూడా నమ్మడు.

ఈ చరిత్రను భద్రపరిచే పని రాణీఖేత్‌లోని కుమావూన్ రెజిమెంటల్ సెంటర్ ఒక్కటే చేసేది కాదు. ఇంట్లో మాజీ సైనికుడుంటే అతని నంబరు, బెటాలియన్, పనిచేసిన చోట్లు ఈ వారమే రాసిపెట్టండి. గ్రూపు ఫొటో వెనక పేర్లు పెన్సిలుతో వేయించండి. పెట్టెలో పతకం ఉంటే తళతళ కోసం బ్రాసో పెట్టి తోమకండి: అంచు మీద చెక్కిన నంబరు, పేరు అరిగిపోతాయి.