నడివయసు విద్యార్థికి ల్యాప్‌టాప్

ఢిల్లీలోని వసంత్ కుంజ్ నుండి మెహ్రౌలీ మీదుగా సాగిపోయినచో మైదాన్ గఢీలో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము కానవచ్చును. 1985లో పార్లమెంటు చట్టముచే ఏర్పడిన ఆ సంస్థకు ప్రథమ ఉపకులపతి మన తెలుగువారే, ఆచార్య జి. రాంరెడ్డిగారు. అంతకు మూడేండ్ల పూర్వము, 1982లో, నేడు అంబేడ్కరుగారి పేర వర్ధిల్లుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశమందు అట్టివానిలో మొట్టమొదటిది, హైదరాబాదున వెలసినపుడు దానికిని సారథ్యము వహించినవారు ఆయనే. సంసారభారముచే చదువు అర్ధాంతరముగా ఆపుకొన్నవారికి, ఉద్యోగము వదలి కళాశాల మెట్లెక్కలేనివారికి, తల నెరసిన పిమ్మట విద్యాకాంక్ష మేలుకొన్నవారికి ఆ సంస్థలు తెరచిన ద్వారము ఎంత విశాలమైనదో, మా డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) ఇండ్ల వరుసలలోని నడివయసు విద్యార్థులను చూచినచో తెలియును. వారిలో పలువురు నన్నడుగునది ఒకే ప్రశ్న: చదువుకు ఏ ల్యాప్‌టాప్ కొనవలెను?

మా దిగువ అంతస్తున నివసించు ఒకావిడ, గుంటూరులో బి.ఎ. ముగించి, వివాహానంతరము ఢిల్లీ చేరి, పిల్లలు ఉద్యోగములలో కుదురుకొన్న తరువాత ఎం.ఎ. చరిత్రలో చేరినారు. "అన్నయ్యగారూ, మావాడేమో గేములాడుకునేది చూపిస్తున్నాడు, షాపువాడేమో సన్నగా ఉందని ఇంకోటి అంటగడుతున్నాడు. నాకు కావలసింది చదువుకోడానికీ రాసుకోడానికీ. దాని సంగతి ఎవరూ ఎత్తరేం?" అని ఆవిడ అడిగిన దినమున, ఆ ప్రశ్నలోనే సగము సమాధానము ఉన్నదని నాకు తోచినది. దుకాణదారుడు యంత్రము నుండి మొదలుపెట్టి మనిషి కడకు వచ్చును. మనము మనిషి నుండి, ఆ మనిషి చేయబోవు పని నుండి మొదలుపెట్టి యంత్రము కడకు పోవలెను. ఆవిడ పని ఎట్టిది? పాఠ్యభాగములు ఇందిరా గాంధీ విశ్వవిద్యాలయపు ఆన్‌లైన్ భాండారమగు ఈజ్ఞానకోశ్‌లో పీడీఎఫ్‌లుగా లభించును. అసైన్‌మెంట్లు చేతివ్రాతతో వ్రాయు పద్ధతి ఇంకను పోలేదు. కావున యంత్రము ముందు గడుపు కాలములో సింహభాగము పఠనమే, తరువాతది నోట్సు వ్రాసికొనుట.

ఇట్టివారికి కొరవడునది బుద్ధి కాదు, తీరిక. ఈ సత్యమును దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఎరిగినంతగా ఎరిగినవారు అరుదు. స్వాతంత్ర్యోద్యమములో కారాగారవాసము ముగించుకొని, బెనారసు మెట్రిక్యులేషను ప్రైవేటుగా చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పట్టభద్రురాలై, 1942లో మద్రాసున న్యాయశాస్త్రపట్టము గడించిన ఆ విదుషీమణి, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలుగా నున్న కాలమున, 1958లో, వయోజన స్త్రీలకై సంక్షిప్త విద్యాక్రమము ప్రారంభమగుటలోని ఆంతర్యము ఇదియే: పసిబిడ్డలవలె ఏండ్ల తరబడి బడిలో కూర్చుండు వెసులుబాటు వారికి లేదు. పాలవాడు రాకముందు దొరకు ఒక గంట, మధ్యాహ్నము వంటిల్లు సర్దిన తరువాత దొరకు మరియొక గంట, ఇవియే మా పొరుగావిడ విద్యాభ్యాసకాలము. మూత తెరచిన తక్షణమే నిన్న ఆపిన పుట ఎదుట నిలువవలెను. ఇంటిల్లిపాది నిద్రించు వేళ ఫ్యాను రొద చేయరాదు. ఛార్జరు ఎక్కడ పెట్టితినాయని వెదకు అవసరము కలుగరాదు. గేముల కొరకు చేసిన యంత్రము, బరువు రెండున్నర కిలోలకు సమీపించుచు, విడిగా ఇటుకంత ఛార్జరును మోయించుచు, వేసవిలో ఒడిని కాల్చుచు, ఈ పరీక్షలో ఓడిపోవును.

అన్నింటికంటె ముందు చూడవలసినది తెర. నలువది దాటిన కంటికి చత్వారము సహజము. కటకము బిరుసెక్కి దగ్గరి వస్తువుపై దృష్టి నిలుపుట కష్టమగును. అట్టి కంటికి మసక తెరపై రెండు గంటల పఠనము శిక్షయే. తెరలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది ఆకృతి. పదునాలుగు అంగుళముల తెర పదునారుకు తొమ్మిది నిష్పత్తిలో ఉన్నచో దాని ఎత్తు సుమారు 17.4 సెంటీమీటర్లు, పదునారుకు పది నిష్పత్తిలో ఉన్నచో 18.8. చూచుటకు స్వల్పభేదమే కాని, ఏ4 పుటను పూర్తి వెడల్పున పరచి చదువునపుడు ఆ 1.4 సెంటీమీటర్లలో మరి రెండు మూడు పంక్తులు ఇముడును, వేలితో తెరను జరుపు శ్రమ ఆ మేరకు తగ్గును. రెండవది బిందుసాంద్రత. ఆంగ్లము మాత్రమే చదువువారికి అంతగా పట్టింపు లేకపోవచ్చును. మనకు మాత్రము "రాష్ట్రము", "స్వాతంత్ర్యము" వంటి మాటలలో అక్షరము క్రింద ఒత్తు, దాని క్రింద మరియొక ఒత్తు చేరును గదా! 1366కు 768 బిందువుల చవుక తెరపై ఆ ఒత్తులు కలిసిపోయి మచ్చలగును. 1920కి 1200 ఉన్న తెరపై విడివిడిగా నిలుచును. సురవరం ప్రతాపరెడ్డిగారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" వంటి గ్రంథముల పాత ముద్రణలను స్కాను ప్రతులలో చదువగోరు చరిత్ర విద్యార్థికి ఈ భేదము ప్రాణప్రదము. తెర నిగనిగలాడరాదు, మన బాల్కనీల వెలుతురులో నిగనిగలాడు తెర మన ముఖమునే మనకు చూపును.

చిన్న పరిమాణమే గుణమని భ్రమించుట ఈ రంగమున క్రొత్త కాదు. 1972లో అలన్ కే అను శాస్త్రజ్ఞుడు, నోటుపుస్తకమంత పరిమాణమున, నాలుగు పౌనులకు మించని బరువున, అన్ని వయసుల బాలలకును పనికివచ్చు యంత్రమును ఊహించి డైనాబుక్ అని పేరిడినాడు. 1981లో విపణికి వచ్చిన ఆస్‌బోర్న్ వన్ దాదాపు పదకొండు కిలోల పెట్టె. దాని తెర ఐదంగుళములే. 2007లో ఏసుస్ సంస్థ తన "ఈ పీసీ" (Eee PC) అను నమూనాతో బరువును కిలో లోపునకు దించినది గాని తెర ఏడంగుళములు, మీటలు ఇరుకు. పసివ్రేళ్లకు సరిపోయినది పెద్దవ్రేళ్లకు సరిపోలేదు. సంచికి మేలైనది కంటికిని చేతికిని మేలుగా నుండవలెనన్నచో పదమూడు, పదునాలుగు అంగుళముల నడుమనే ఆగవలెనని నా నిశ్చితాభిప్రాయము.

ఇక మీటలు. అతి సన్నని యంత్రములలో మీట ఒక మిల్లీమీటరు మాత్రమే దిగును. వ్రేలికి నొక్కితిమా లేదాయను సందేహము మిగులును. మిల్లీమీటరున్నర దిగునది ఉత్తమము. తెలుగులో నోట్సు వ్రాయదలచినవారు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకొనుట మంచిదని నేను పట్టుబట్టి చెప్పుదును. ఎడమచేతి వైపు అచ్చులును గుణింతపు గురుతులును, కుడిచేతి వైపు హల్లులును అమరిన ఆ పద్ధతి, ఆంగ్లములో వ్రాసి తెలుగుగా మార్చుకొను పద్ధతి కంటె కొన్ని వారములు ఆలస్యముగా పట్టుబడినను, పట్టుబడిన పిమ్మట ఆలోచన తిన్నగా తెలుగులోనే వ్రేళ్లకు దిగును. అదనపు ఖర్చు ఏమియు లేదు. విండోస్‌లో ముందే ఉన్నది. అక్షరములు ముద్రించిన చీటీలు మీటలపై అంటించుకొన్నవారు త్వరగా నేర్తురు.

లోపలి సరంజామా గురించి దీర్ఘచర్చ అనవసరము. పదహారు జీబీ ర్యామ్, ఐదువందల పన్నెండు జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నచో చదువుకు పుష్కలము. సన్నని నమూనాలలో ర్యామ్ బోర్డుకే అతికి ఉండును గనుక ఎనిమిదితో కొని తరువాత పెంచుకొందమను ఆశ పలుమార్లు ఫలింపదు. టైప్-సీ ఛార్జింగు ఉన్నదానినే కొనవలెను. ఆఫీసులలో వాడి అమ్మివేసిన రీఫర్బిష్డ్ సరుకులో మేలైన కీబోర్డులు దొరకునుగాని, విండోస్ ఇచ్చు బ్యాటరీ నివేదిక తెరిపించి, తయారీనాటి సామర్థ్యమునకును నేటి సామర్థ్యమునకును గల అంతరము చూడక డబ్బు చెల్లింపరాదు.

ఢిల్లీలో కంప్యూటర్ల బజారగు నెహ్రూ ప్లేసుకు ఆవిడతో నేనును వెళ్లితిని. పెన్‌డ్రైవులో ఒక పాఠ్యభాగపు పీడీఎఫ్, ఒక పాత తెలుగు గ్రంథపు స్కాను పుట ఉంచుకొంటిమి. "ఆంటీజీ, యే లేటెస్ట్ హై" అనుచు దుకాణపు కుర్రవాడు రంగురంగుల చేపలు ఈదు వీడియో పెట్టబోగా, ఆవిడ మృదువుగా వారించి, మూడు యంత్రములను ప్రక్కప్రక్కన పెట్టించి, వెలుతురు సమానము చేయించి, అదే స్కాను పుటను మూడింటను తెరిపించినారు. కళ్లద్దాలు తీసి ఒకమారు, పెట్టుకొని ఒకమారు, "ప్రతాపరుద్రుడు" అను మాటను వెదకి చదివినారు. మొదటి తెరపై ద క్రింది ర ఒత్తు కలగలిసినదని తామే గుర్తించి దానిని ప్రక్కకు నెట్టినారు. మిగిలిన రెంటిపై ఒక పేరా టైపు చేసి, ఒక్క వ్రేలితో మూత లేచునో లేదో చూచి, ఛార్జరుతో సహా సంచిలో వేసి, భుజమునకు తగిలించుకొని దుకాణపు వరండాలో ఆ కొసనుండి ఈ కొసకు నడచి వచ్చినారు. కుర్రవాడు తొలుత విసుగుకొన్నను, పిమ్మట తానే గోదాములోనికి పోయి, చూడవలసినదని మరియొక నమూనా తెచ్చినాడు. ఆవిడ కొన్నది అదే. పదునాలుగు అంగుళములు, కిలో నాలుగువందల గ్రాములు, నిగనిగ లేని తెర. జీఎస్టీ బిల్లు పుచ్చుకొని, వారంటీ నమోదు అక్కడనే చేయించితిమి.

ఇంటికి వచ్చిన తరువాత మరియొక పని మిగిలినది. పుస్తకపు దూరమునకు చేయించిన చత్వారపు అద్దాలు జానెడు వెనుకనుండు తెరకు కుదరవు. ఇందువలననే చాలమంది మెడ ముందుకు సాచి చదివి, నొప్పికి యంత్రమును నిందింతురు. ఆవిడ బల్లపై ల్యాప్‌టాప్ ఉంచి, మామూలుగా కూర్చుండి, కంటినుండి తెర వరకు టేపుతో కొలిపించి, ఆ కొలతను చీటీపై వ్రాసికొని కళ్ల డాక్టరు వద్దకు తీసికొనిపోయినారు. ఆ దూరమునకు వేరుగా ఒక జత అద్దాలు సిద్ధమైనవి.