కత్తిరించిన ముగింపు

2018 వేసవిలో మా అక్కకి ఫోన్‌లో ఒక వీడియో పంపాను. ఇద్దరు మనుషులు మోటార్ సైకిల్ మీద వచ్చి, వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. "బాబుని ఒక్కణ్ణే బయటికి పంపకక్కా" అని కింద రాశాను. కథ చెబుతున్నదెవరో, ఎవరి పక్షాన చెబుతున్నారో అడగాలని సాహిత్య పరిశోధనలో నేర్చుకున్నదాన్ని, ఆ రోజు అడగలేదు.

అది కరాచీలో పిల్లల రక్షణ కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ ఇద్దరూ వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దింపి, జాగ్రత్త చెప్పే అట్ట ఒకటి చూపిస్తారు. మన దగ్గర తిరిగిన వీడియోలో ఆ ముగింపు లేదు. ఈ అబద్ధానికి కొత్తగా ఏదీ కల్పించనక్కర్లేకపోయింది, కత్తెర చాలింది.

ఇప్పుడా వీడియోని పాఠంగా చదివితే, అందులో కర్త లేడు, ఊరు లేదు, తేదీ లేదు. ఆ ఖాళీలన్నీ చూసేవాళ్ళే నింపుకుంటారు. బూచాడికి పట్టిస్తానని బెదిరిస్తూ అన్నం తినిపించిన ఇళ్ళు మనవి. ఎత్తుకుపోయేవాడి రూపం ముందే సిద్ధంగా ఉంది. తెలుగు జిల్లాల్లో ఆ రూపానికి 'పార్థీ గ్యాంగ్' అని పేరు పెట్టారు. ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని పిల్లల్ని ఎత్తుకుపోయేదన్న అనుమానంతో గుంపు కొట్టి చంపింది.

పార్థీలు, హిజ్రాలే ఎందుకు? 1871లో వలస ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. పార్థీల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర పడింది ఆ చట్టం కిందే. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం మీద హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరులో రాయించిందీ అదే చట్టం. అనుమానాన్ని సమాచారంగా మార్చిన పుస్తకం అది. తెగల మీద ఆ ముద్రని 1952లో చట్టం తీసేసింది గానీ, మన ఊహలో ఆ రిజిస్టరు తెరిచే ఉంది. ఫోన్ దానికి వేగాన్నిచ్చింది.

ఆ ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకి మించి పంపకుండా పరిమితి పెట్టింది. అంతకుముందే గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికొక కానిస్టేబుల్‌ని కేటాయించి, పుకార్ల మీద పాటలు పాడించారు. నాకు ఈ రెండో పద్ధతే నచ్చింది. పాట పాడే మనిషి ఎదురుగా ఉంటాడు, నిలబెట్టి అడగొచ్చు.

నేను పంపిన వీడియోకి మాత్రం అమ్మల భయం రక్షణగా ఉంది. మాతృత్వాన్ని ఆకాశానికెత్తే కథల్ని విమర్శిస్తూ పేజీలు రాసిన నేను, బిడ్డ పేరు చెప్పగానే ప్రశ్న మర్చిపోయాను. తల్లి భయాన్ని శంకించడం పాపమనిపించే చోటే ఇలాంటి కథ నిలదొక్కుకుంటుంది.

నిజం తెలిశాక అక్కకి ఫోన్ చేశాను. అప్పటికే బాబు బడి తల్లులందరికీ పంపేసిందట.

"నువ్వు పంపావు కదే, చదువుకున్నదానివి. నిజమే అయ్యుంటుందనుకున్నా" అంది.