కాసులపేరు ఎవరి పేర?

మొపాసా 1884లో రాసిన 'నెక్లెస్' కథని మనలో చాలామంది కాలేజీలో ఇంగ్లీషు పాఠంగా చదివే ఉంటాం. నేను ఆ కథ డిగ్రీ పిల్లలకి ఏళ్ల తరబడి చెప్పాను. గైడ్లలో జవాబు ఒక్కటే. నగల మోజు ఆడదాన్ని ఎలా ముంచుతుందో చెప్పే కథట. మటిల్డా ఒక్క రాత్రి డాబు కోసం స్నేహితురాలి హారం ఎరువు తెచ్చుకుంది, పారేసుకుంది. 36 వేల ఫ్రాంకులు పోసి అలాంటిదే కొనిచ్చి, ఆ అప్పు తీర్చడానికి పదేళ్లు చాకిరీ చేసింది. తీరా అది 500 ఫ్రాంకులకి మించని గిల్టు నగ. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అని మన సామెత ఉండనే ఉంది కాబట్టి నీతి చెప్పడం సులువు.

కానీ మొపాసా మొదట్లోనే ఇంకో సంగతి చెప్పాడు. మటిల్డాకి కట్నం లేదు, రాబోయే ఆస్తీ లేదు. అందుకే ఒక గుమాస్తాకిచ్చి చేశారు. కొత్త హారం ఖరీదులో సగం, 18 వేల ఫ్రాంకులు, ఆ గుమాస్తాకి తండ్రి మిగిల్చిన సొమ్ము. అతనికి తండ్రి సొమ్ము ఉంది, ఆమెకి ఎరువు నగ దొరికింది. గైడ్లు ఈ తేడా జోలికే పోవు.

నగ పోవడం గురించి మనకి ఇంతకంటే పదునైన రచన ఉంది. అది 'కన్యాశుల్కం'. లుబ్ధావధాన్లు పెళ్లికూతురికి పెట్టడానికని రామప్పంతులు మధురవాణి కంటె పట్టుకెళ్తాడు. పెళ్లికూతురు నిజానికి ఆడవేషంలో ఉన్న మగపిల్లవాడు. ఆ 'పెళ్లికూతురి'తోపాటు కంటె కూడా మాయమవుతుంది. కంటె తెచ్చేదాకా గడప తొక్కొద్దంటుంది మధురవాణి. పంతులు పాట్లకి మనం కడుపుబ్బా నవ్వుకుంటాం. అయితే ఆ నాటకంలో 'నా నగ ఏది?' అని మగవాణ్ణి నిలదీసిన స్త్రీ ఎవరు? వేశ్య ఒక్కతే. బుచ్చమ్మ, మీనాక్షి వితంతువులు, వాళ్ల ఒంటిమీద నగకి చోటే లేదు. వెంకమ్మ ఇల్లాలు, కన్నకూతుర్ని అమ్మేస్తుంటేనే ఆమె మాట చెల్లలేదు, ఇక నగల మాట ఎవరు వింటారు? మొగుడు లేడు కాబట్టే మధురవాణి కంటె మధురవాణిదిగా మిగిలింది. గురజాడ ఇది తెలిసే రాశాడనిపిస్తుంది నాకు.

అసలు మెడలో హారమంటే ఆడవాళ్ల మోజు అనే మాటకి పెద్ద వయసేమీ లేదు. మా కృష్ణ ఒడ్డున అమరావతిలో చెక్కి, ఇప్పుడు చెన్నై మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్న శిల్పాలు చూడండి. రాజులూ నాగరాజులూ యక్షులూ ఆడవాళ్లతో సమానంగా హారాలు వేసుకునే ఉన్నారు. అక్కడ చెక్కిన స్త్రీలలో చాలామందికి పేర్లు లేవు. పేర్లున్న స్త్రీలు శాసనాల్లో ఉన్నారు. దానాలు చేసిన గృహిణులు, భిక్షుణులు వాళ్లు. మూడో శతాబ్దంలో నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించిన ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి పేరు ఈనాటికీ చదువుకుంటున్నాం. మెడ నిండా నగలున్నందువల్ల పేరు మిగల్లేదు, ఇవ్వడానికి ఆస్తి చేతిలో ఉన్నందువల్ల మిగిలింది.

ఇక మా ఊళ్ల సంగతి. గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో నానుతాడు, చంద్రహారం, పలకసరులు అన్నీ ఉన్నా, ఆడవాళ్లు ప్రాణంగా చూసుకున్నది కాసులపేరు. ఆ ఇష్టం వెనక అందంతోపాటు లెక్క ఉంది. రాళ్ల నెక్లెస్ తాకట్టుకి వెళ్తే రాళ్ల బరువు తీసేస్తారు, అమ్మబోతే తరుగు పోతుంది, మజూరీ ఎటూ రాదు. కాసుకి ఆ బాధ తక్కువ. మా అమ్మమ్మ పత్తి, మిరప బాగా పండిన ఏడు రెండో మూడో కాసులు చేయించి పేరులో గుచ్చేది. చదువు రాని మనిషి రాసుకున్న పంటల లెక్క అది. ఆ కాసుల్లో ఎండలో నడుం వంచి మిరపకాయలు కోసిన మాల మాదిగ పల్లెల ఆడవాళ్ల కూలి కూడా కలిసి ఉంది. వాళ్ల మెడలో నల్లపూసలూ పసుపుతాడే. కాసులపేరు చరిత్ర రాసేటప్పుడు ఆ లెక్క కూడా రాయాలి.

1980లలో పత్తి మీద పైరిత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టారు. తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో మా రెండు జిల్లాల పత్తిరైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. మా ఇంట్లో ప్రాణం పోలేదు, కాసులపేరు పోయింది. అమ్మమ్మ పెళ్లిలో అమ్మకిచ్చిన ఆ నగని బ్యాంకులో పెట్టి పంటరుణం తెచ్చారు. పాసుపుస్తకం నాన్నది కాబట్టి తాకట్టు కాగితం ఆయన పేరనే రాశారు. వేలం నోటీసూ ఆయన పేరనే వచ్చింది. మెడ ఎవరిదో ఏ కాగితంలోనూ లేదు. ఆ తర్వాత పుస్తెలతాడు కూడా వెళ్లింది, అమ్మ పుస్తెలని పసుపుతాడుకి కట్టుకుంది.

స్త్రీధనం భార్య సొంత ఆస్తి, భర్త చేతిలో ఉన్నా అతను ధర్మకర్త మాత్రమేనని ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 1985లోనే. ఆ ఏడు సెప్టెంబరు నుంచే మన రాష్ట్రంలో కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లకి తప్ప. 'కాసులపేరు పెట్టాంగా' అని సరిపెట్టిన మా అమ్మలాంటివాళ్లు 2005 కేంద్ర చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అంటే పొలం బదులు ఇచ్చిన నగ మళ్లీ పొలంలోకే పోయింది, ఆ పొలంలో మాత్రం ఆమెకి సెంటు కూడా రాలేదు.

ఇది అప్పటితో అయిపోయిన కథ కాదు. 2014 ఎన్నికల్లో తాకట్టు బంగారం విడిపించి ఇస్తామన్నది పెద్ద వాగ్దానం. నగ ఆడవాళ్లదని ఓట్లడిగేవాళ్లకి తెలుసు, బ్యాంకు కాగితానికే తెలియదు. 2021-22లో నల్ల తామరపురుగు మిరపని తుడిచిపెట్టినప్పుడు కూడా మా ఊరి ఆడవాళ్లు మెడలు ఖాళీ చేసుకునే బ్యాంకు మెట్లెక్కారు.

అందుకే నగని మోజుగానో సంకెలగానో తేల్చేసే విమర్శ నాకు చాలడం లేదు. ఓల్గా 'రాజకీయ కథలు' చదివాక మన ఒంటి మీద ఉన్నదేదీ రాజకీయానికి బయట లేదని ఒప్పుకున్నాం. అదే చూపు రైతు కథల మీద కూడా పెట్టాలి. 'భార్య మెడలో గొలుసు తాకట్టు పెట్టాడు' అనే వాక్యం మన కథల్లో ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది! అది అతని దైన్యానికి గుర్తుగా వస్తుంది, వెంటనే కథ అతనితోపాటు ముందుకెళ్లిపోతుంది. ఆ వాక్యం దగ్గర మనం ఆగాలి. ఆమెని అడిగాడా? కాగితం ఎవరి పేర రాశారు? విడిపించాక ఎవరి మెడలోకి వచ్చింది? మధురవాణి ఒక్క కంటె కోసం పంతుల్ని గుమ్మం బయట నిలబెట్టింది. మన కథల్లోని ఇల్లాళ్లు కనీసం రసీదు అడగడం నేను చదవాలనుకుంటున్నాను.