దయ్యానికి మరాఠీ రాదా?

కిందటి అక్టోబరు 31 రాత్రి మా సోలాపూర్ పూర్వభాగంలో ఒక మేడ మీద పిల్లలు ‘హాలోవీన్’ చేసుకున్నారు. దయ్యం వేషానికి దుప్పట్లకూ టవల్స్‌కూ మన ఊళ్లో కరువేముంది! పత్రికల్లో నాలుగు ముక్కలు రాసేవాణ్నని నన్ను పిలిచి, దయ్యం కథ చెప్పమన్నారు. మా అవ్వ చెప్పిన బావి దయ్యం కథ ఎత్తుకున్నాను. దయ్యం నోరు విప్పిందో లేదో, ఏడేళ్ల పిల్ల అడ్డు తగిలింది.

“తాతా, ఆ దయ్యానికి మరాఠీ రాదా?”

అందరూ నవ్వారు. మిగతా కథ మరాఠీలో ముగించాను. ఎవరూ భయపడలేదు. తప్పు పిల్లలదా, కథదా, చెప్పినవాడిదా? ఆ ప్రశ్నే ఈ వ్యాసం.

మా అవ్వ బీడీలు చుడుతూ కథ చెప్పేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు ఆగేవి కావు, కథా ఆగేది కాదు. ఆమె దయ్యాలన్నిటికీ చిరునామా ఉండేది. ఒకటి మా వెనుక బావిలో, ఇంకొకటి రాత్రి పాళీ నడిచే సాంచాల కార్ఖానాలో. బావికి గోడ లేదనీ, సాంచా పట్టా పిల్లల చేయి లాగేస్తుందనీ నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ దయ్యం కాపలాదారు. బావి పూడిపోయిన ఊళ్లో, ఆ బావిని చూడని పిల్లలకు ఆ కథ చెప్పడం నా మొదటి తప్పు.

రెండో రకం దయ్యం అచ్చులో వచ్చింది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ‘చందమామ’ బేతాళుణ్ని ఇంటింటికీ చేర్చింది. తెలుగు చదవడం రాని మన పిల్లలు అదే బేతాళుణ్ని మరాఠీ ‘చాందోబా’లో చదువుకున్నారు. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’లో చేర్చిన బేతాళ కథలు ఇరవై అయిదే. చందమామ వాళ్లు ఆ చట్రాన్ని ఉంచుకుని కొత్త కథలు అల్లుకుంటూ పోయారు. ఈ బేతాళుడు జడిపించడు, ప్రశ్న అడుగుతాడు. భయాన్ని ఆలోచనగా మార్చిన ఆ పద్ధతి చిన్న విషయం కాదు. లోపమల్లా ఒకటే: ఆ శ్మశానానికి ఊరు లేదు, ఆ తెలుగు మన వాడలో వినపడేది కాదు. ఊరు లేదు కాబట్టే అది అన్ని భాషల్లోకీ నడిచిపోయిందని కూడా ఒప్పుకోవాలి. 2013 నాటికి ఆ పత్రికా ఆగిపోయింది.

ఇక మా అవ్వ కథల మీద నాకున్న అసలు ఫిర్యాదు చెబుతాను. ఆమె దయ్యాలు దాదాపు అన్నీ ఆడవాళ్లే: పురిట్లో పోయినది, పిల్లలు లేనిది, మొగుడు చచ్చినది. ఒక కథ చివర ఆమె గొంతు తగ్గించి, మా గల్లీలో ఒంటరిగా ఉండే ముసలామె ఇంటి వైపు గడ్డం చూపేది. మరునాడు మేము ఆ తలుపు మీద రాళ్లు వేశాం. నేనూ వేశాను. ఆమె బయటికి వచ్చి ఒక్క మాటా అనలేదు. ఇంతకాలానికీ ఆ మౌనమే నన్ను జడిపిస్తుంది, బావి కాదు.

ఇది పిల్లచేష్ట అని తోసేయలేను. మూఢనమ్మకాలతో పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆ ఏడాదే మహారాష్ట్రలో చేతబడి, నరబలి వంటి వాటిని నిషేధించే చట్టం వచ్చింది. ఎంత కమ్మగా చెప్పినా సరే, దయ్యాన్ని తెచ్చి బతికున్న మనిషి భుజం మీద కూర్చోబెట్టే కథ చెప్పకూడని కథ. విమర్శకుడిగా ఇదొక్కటే నేను పెట్టే నిషేధం.

అలాగని భయం కథలే వద్దంటే ఒప్పుకోను. చచ్చినవాళ్లతో మనకు శత్రుత్వం లేదు. పెత్రమాస పొద్దున పెద్దల పేరిట బియ్యం ఇచ్చి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడే జాతి మనది. అన్నిటినీ మించి, నారళీ పున్నమనాడు మనం రథం మీద ఊరేగించే మార్కండేయుడి కథ ఏమిటి? పదహారేళ్లకే చావు రాసి ఉన్న పిల్లవాడు, మెడకు యమపాశం, చేతులకు పట్టుకోవడానికి ఒక లింగం. ఇంతకన్నా భయం కథ ఉందా? ఇందులో భయమూ ఉంది, పట్టుకునే ఆసరా పిల్లవాడి చేతిలోనే ఉంది. రథం లాగుతున్నాం కానీ, ఆ కథను పిల్లల వొళ్లు జలదరించేటట్టు చెప్పడం మానేశాం.

ఆ రాత్రి చివర, నన్ను ఆపిన పిల్లనే కథ చెప్పమన్నాను. ఆమె దయ్యం ఆ మేడ లిఫ్టులోనే ఉంది. మరాఠీ మాట్లాడింది, నడుమ నడుమ తెలుగులో తిట్టింది. పిల్లలు గప్‌చిప్ అయ్యారు. కిందికి దిగేటప్పుడు అందరూ మెట్లెక్కే దారే పట్టారు, నేనూ వాళ్ల వెంటే నడిచాను.

పాఠకులకు ఒక మనవి. మీ గల్లీ దయ్యాలను, మీరు విన్న భాషలోనే, మరాఠీ కలిసిన తెలుగైనా సరే, రాసి పెట్టండి. ఎవరి తలుపు మీదా రాయి పడకుండా చూసుకుంటే చాలు.