శ్రవ్యనాటికలో కథకుని స్థానము

ఆలంకారికులు కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు విభజించిరి. రేడియో నాటిక పుట్టుటతో ఈ విభాగమునకు చిక్కు వచ్చినది. అది నాటకమే, కాని కంటికి గోచరింపదు. ప్రసిద్ధమైన నవలను రేడియోకు మార్చువారు సాధారణముగా సంభాషణలను ఏరుకొని కథకుని మాటలను విడిచిపెట్టుదురు. ఇది సరికాదని మా యభిప్రాయము. మూలమున కథకుడెక్కడ నిలిచి పలుకుచున్నాడో గుర్తించుటయే అనుసరణకర్త మొదటి పని.

అమెరికాలో ఆర్సన్ వెల్స్ 1938 జూలైలో సి. బి. యస్. రేడియోయందు ఆరంభించిన నాటికల వరుసకు తొలుత ‘ఉత్తమపురుష ఏకవచనము’ అను అర్థము గల పేరుండెను. మొదటి నాటిక బ్రామ్ స్టోకరు ‘డ్రాక్యులా’. ఆ నవల దినచర్యల, లేఖల కూర్పగుటచే ఎవరి కథ వారే చెప్పుకొందురు. రేడియోకు అది ముందే సగము సిద్ధమై యున్నది.

ఆ యేడు అక్టోబరు 30న ప్రసారమైన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ అంత సులభము కాదు. మూలమైన నవలను మరియొక వెల్స్, హెచ్. జి. వెల్స్, 1898లో ప్రకటించెను. అంగారకవాసులు ఇంగ్లండుపై దండెత్తిన వృత్తాంతమును ప్రాణములతో బయటపడిన యొకడు అందు వ్రాయుచున్నాడు. వ్రాయుచున్నాడనగా చావలేదన్నమాట, పాఠకునకు ఆ ధైర్యము మొదటినుండి కలదు. నాటికను రచించిన హోవర్డ్ కోచ్ ఈ యభయమును తొలగించెను. కథను న్యూజెర్సీకి మార్చి, కథకుని స్థానమున వార్తలు చెప్పువారిని నిలిపెను. మంటలు తనవైపు వచ్చుచున్నవని విలేఖరి చెప్పుచుండగానే కంఠము తెగిపోవును. పిమ్మట మౌనము. నవలలో కన్ను చూచిన దానిని ఇక్కడ మౌనము చెప్పినది. మన రూపకములందు నేపథ్యమునుండి మాట వినబడుట కలదు. నేపథ్యమే మూగవోవుట ఈ ప్రక్రియకే చెల్లినది.

ఈ నాటిక విని దేశమంతయు భయభ్రాంతమైనదను కథను ఆనాటి పత్రికలు చాల పెంచి వ్రాసినవని తరువాతి పరిశోధకులు తేల్చిరి. అది పత్రికల చరిత్ర. ఆ గోలలో నాటిక కడపటి భాగము మరుగుపడినది.

విరామానంతరము వార్తలుండవు. పియర్సన్ అను ప్రొఫెసరు ఒంటరిగా తన యనుభవమును చెప్పుకొనును. నవలలోని ఉత్తమపురుష ఇక్కడ మరల వచ్చినది. ఇది నీరసమని కొందరందురు, మాకట్లు తోచదు. విలేఖరి కంఠము తెగుట విన్న శ్రోతకు ‘నేను’ అను మాట ఇప్పుడు అభయము కాదు, ఒంటరితనము. భాణములో విటుడు కనబడనివారికి బదులు పలుకును. ఇక్కడ పలుకువాడే కనబడడు; అపరిచితుడొకడు ఎదురగువరకు బదులు పలుకువారును లేరు.

లోపము ఆ అపరిచితునియందే యున్నది. మూలములో అతడొక సైనికుడు. భూగర్భమున క్రొత్త జాతిని నిలిపెదనని గొప్పలు పలుకును. వారము దినములు త్రవ్విన గొయ్యి చూడబోయిన స్వల్పము. తుదకు పేకాటకు కూర్చుండును. ఈ హాస్యము రేడియోలో జారిపోయి, అతడు వట్టి అధికారదాహిగా మిగిలెను. 1938లో ఐరోపా నియంతల ప్రసంగములు వినుచున్న చెవికి ఆ స్వరమే ముందు తోచియుండవచ్చును. అయినను గునపము చప్పుడు రెండుమారులు వినిపించి ఆగిపోయి, పేకముక్కలు కలుపు సవ్వడి మొదలైనచో పని నెరవేరెడిది. మౌనమును అంత నేర్పుతో వాడిన రచయిత ఇక్కడ శబ్దమును మరచుట వింతయే.