పెన్ను ఆగిన చోటు

లెక్కల టీచరు పనిలో బోర్డు దగ్గర జరిగేది సగమే. మిగతా సగం బెంచీల మధ్య జరుగుతుంది. లెక్క ఇచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య నడుస్తుంటే ఎవరి పెన్ను ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. ఒకడు పక్కవాడి నోట్సులోకి తొంగి చూస్తుంటాడు. ఒకమ్మాయి రాసిన లైను కొట్టేసి, మన అడుగుల చప్పుడు వినగానే దాని మీద చెయ్యి అడ్డం పెడుతుంది. ఆ చెయ్యి తీయించి చూస్తే తప్పెక్కడో దొరుకుతుంది. ఇన్నేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి నేను సంపాదించుకున్న పనితనం ఏదైనా ఉంటే అది ఇదే.

ఆన్‌లైన్ చదువు వచ్చాక ముందుగా పోయింది ఈ సగమే.

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో మూడు నుంచి పది తరగతుల పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రలో సప్తగిరి చానల్లో పాఠాలు వచ్చాయి. అప్పట్లో చర్చంతా ఫోన్లు, సిగ్నళ్ళ చుట్టూ తిరిగింది. తిరగాల్సిందే. జాతీయ గణాంక కార్యాలయం 2017-18 సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న గ్రామీణ కుటుంబాలు దాదాపు 15 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం. మా పిల్లల ఇళ్ళలో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను పొద్దున్నే నాన్న జేబులో పనికి వెళ్ళిపోయేది. అన్న డిగ్రీ క్లాసు, చెల్లి తొమ్మిదో తరగతి క్లాసు ఒకే టైముకు పడితే ఫోను ఎవరికి దక్కేదో చెప్పక్కర్లేదు. పత్తి ఏరే రోజులొచ్చాక పాఠం టైముకు చాలామంది చేలల్లో ఉండేవారు.

మరి టీవీ ఉండి, కరెంటు ఉండి, పాఠం మొత్తం శ్రద్ధగా విన్న పిల్లల సంగతి? అక్కడా లెక్క ఆగింది. ఎందుకో తెలియాలంటే ఒక లెక్క చేసి చూడాలి.

మూడు ఇంటూ బ్రాకెట్లో ఎక్స్ మైనస్ 2, ఈక్వల్ టు 2ఎక్స్ ప్లస్ 5. ఎనిమిదో తరగతి లెక్క. బ్రాకెట్ ముందున్న 3 లోపలి రెండింటినీ గుణించాలి, 3ఎక్స్ మైనస్ 6 అవుతుంది, జవాబు 11. కొందరు ఎక్స్‌ను మాత్రం గుణించి 2ను అలాగే వదిలేస్తారు. వాళ్ళకు 7 వస్తుంది. ఇంకొందరు గుణకారం సరిగానే చేసి, మైనస్ 6ను అవతలికి తీసుకెళ్ళేటప్పుడు గుర్తు మార్చరు. వాళ్ళకు మైనస్ 1 వస్తుంది. రెండూ తప్పే, కానీ ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటి కాదు. మొదటివాడికి గుర్తుల గురించి ఎంత చెప్పినా దండగ. టీవీలో మాస్టారు లెక్కంతా అందరికీ కలిపి చేసి చూపిస్తాడు. ఇద్దరూ చూస్తారు, 11 అని రాసుకుంటారు. తప్పు మాత్రం పోదు. పదో తరగతిలో వర్గ సమీకరణాల దగ్గర మళ్ళీ బయటపడుతుంది. అప్పటికి దాన్ని వెతికి పట్టుకోవడం ఇంకా కష్టం.

క్లాసులో "అర్థమైందా?" అంటే "ఐంది సార్" అని అందరూ ఒకే రాగం తీస్తారు. ఆ రాగం వింటేనే ఎంతమందికి కాలేదో తెలిసిపోతుంది. వెనక బెంచీలో గొంతు కలపనివాడు ఒకడుంటాడు, వాడి దగ్గరికి నడవాలి. టీవీ మాస్టారు అడిగి, కాసేపు ఆగి, తర్వాతి లెక్కకు వెళ్ళిపోతాడు. జూమ్ క్లాసుల్లో మాట్లాడే వీలుంది కదా అంటారు. మ్యూట్ తీసి, క్లాసంతా వింటుండగా, వెనక అమ్మానాన్నలు తిరుగుతుండగా "సార్, నాకు సమజ్ కాలే" అనడానికి పద్నాలుగేళ్ళ పిల్లకు ఎంత ధైర్యం కావాలి! బడిలో అయితే పక్క పిల్లను మోచేత్తో పొడిచి అడుగుతుంది. సగం డౌట్లు అలాగే తీరతాయి. జూమ్‌లో గుసగుసలాడే వీల్లేదు. అంటే అందరికీ వినబడాలి, లేదంటే నోరు మూసుకోవాలి.

హోంవర్కు వాట్సాప్‌లో ఫోటోలుగా వచ్చేది. ఒకరు చేస్తే ఊళ్ళో పిల్లలంతా అదే పంపేవారు. అంత నీటుగా ఉన్న ఫోటో టీచరుకు ఏమీ చెప్పదు. అందుకని నేనొక షరతు పెట్టాను. కొట్టేసిన లైన్లు చెరపొద్దు, లెక్క పూర్తి కాకపోయినా ఫరవాలేదు, ఆగిన చోట సున్నా చుట్టి పంపండి. మొదట్లో ఎవరూ పంపలేదు. తప్పును ఫోటో తీసి పంపడమంటే నామోషీ. సగం లెక్కకూ మార్కులు వేయడం మొదలుపెట్టాక కొద్దికొద్దిగా వచ్చాయి, అదీ రాత్రి నాన్న ఫోను ఇంటికి చేరాక. సున్నా ఎక్కడుందో చూసి, ఆ ఒక్క లైను గురించే వాయిస్ మెసేజ్ పెట్టేవాణ్ణి. "అర్థమైందా?" అని అడగడం మానేసి "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేవాణ్ణి. మొదటిదానికి ఊఁ అంటే సరిపోతుంది. రెండోదానికి నోట్సు చూపించక తప్పదు.

ఆన్‌లైన్ పాఠాన్ని నేను తీసిపారేయను. లెక్కల పోస్టు ఖాళీగా ఉన్న బడిలో, సరూప త్రిభుజాలను శ్రద్ధగా గీసి చెప్పే వీడియో పిల్లలకు పెద్ద దిక్కు. ఆపి, వెనక్కి జరిపి, కావాల్సినన్నిసార్లు వినొచ్చు. అంత ఓపిక ఏ మాస్టారికీ ఉండదు.

2021 ఫిబ్రవరిలో తెలంగాణలో తొమ్మిది, పది తరగతులకు బడులు తెరిచి, మార్చిలోనే మళ్ళీ మూశారు. ఆ రోజులు పోయాయి గానీ తెరలు పోలేదు. యాప్‌లు, ట్యాబ్‌లు, యూట్యూబ్ పాఠాలు వచ్చాయి. క్లాసురూముల్లోకే డిజిటల్ బోర్డులు వచ్చాయి. ఖర్చూ శ్రద్ధా అంతా పాఠం చూపించడం మీదే. పిల్లలు రాసింది చూడటానికి మనిషినీ టైమునూ ఎవరూ లెక్కేయలేదు. అరగంట వీడియో చూపిస్తే నోట్సులు చూడటానికి మరో అరగంట టైంటేబుల్లోనే రాసి ఉండాలి. ట్యాబ్ కొనే రోజే ఆ పీరియడ్ కూడా అడగాలి.

పెన్ను ఎక్కడ ఆగిందో చూసే పని లెక్కలు రాని తల్లిదండ్రులు కూడా చేయగలరు. "క్లాసు విన్నావా?" అని అడగకండి, వినలేదనే పిల్లలు ఉండరు. నోట్సు తెరిపించి, ఎక్కడ ఆగిందో చూపించమనండి. ఆ లైను మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. మర్నాడు దాన్నే టీచరుకు చూపించమనండి. టీచరు చూడకపోతే బడికొచ్చి, ఎందుకు చూడలేదని మమ్మల్ని అడగండి.