రెండోసారి తలపడాలి

జట్టు క్రీడల్లో కోచ్ పనితనం మొదటి మ్యాచ్‌లో కన్నా అదే ప్రత్యర్థితో ఆడే రెండో మ్యాచ్‌లోనే ఎక్కువగా బయటపడుతుంది. మొదటిసారి ఎదురైనప్పుడు ఆటగాళ్ల ఎత్తు, వేగం, ఆ పూట కలిసొచ్చిన అదృష్టం ఫలితాన్ని చాలావరకు తేల్చేస్తాయి. నెల తిరక్కుండా అదే జట్టు మళ్లీ ఎదురుపడితే మాత్రం ఎవరు ఎవరిని ఎంత నిశితంగా గమనించారు, ఓడినవారు ఏం సరిదిద్దుకున్నారు, గెలిచినవారు తమ గెలుపును ఎంత అతిగా నమ్ముకున్నారు అన్నవి లెక్కలోకి వస్తాయి. అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ సంప్రదాయం ఈ రెండో మ్యాచ్ మీదే నిలబడింది. వినుకొండ, మాచర్ల, గురజాల కళాశాలల విద్యార్థులు ఆడే పోటీల్లో ఆ రెండో మ్యాచ్‌కు చోటే లేదు. పల్నాడులో క్రీడాకారులు తక్కువా, శిక్షకులు తక్కువా అని వాపోయే ముందు ఈ తేడాను పరిశీలించడం అవసరం.

అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి, ప్రతి ఏటా తమలో తాము తప్పనిసరిగా పోటీపడాలని కుదుర్చుకున్న కూటమిని కాన్ఫరెన్స్ అంటారు. బిగ్ టెన్ అనే కూటమి 1896లోనూ, అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ 1953లోనూ ఏర్పడ్డాయి. నవంబరులో బయటి జట్లతో మొదలయ్యే సీజన్, కొత్త సంవత్సరం నాటికి కూటమి లోపలి మ్యాచ్‌లకు చేరుతుంది. సంప్రదాయ పద్ధతిలో ప్రతి జట్టూ ప్రతి పొరుగు జట్టుతో ఒకసారి సొంత కోర్టులో, మరొకసారి ఎదుటివారి కోర్టులో తలపడుతుంది. మార్చి వచ్చేసరికి కూటమి టోర్నమెంటు జరిగి, దాని విజేతకు 68 జట్ల జాతీయ టోర్నమెంటులో నేరుగా స్థానం దక్కుతుంది. అక్కడ కూడా చివరి దశ నాకౌటే, అంటే ఒక్కసారి ఓడితే ఇంటికి పోవలసిందే. అయితే ఆ దశకు వచ్చేసరికి ప్రతి జట్టు వెనుక నాలుగు నెలల ఆట, ముప్పై దాకా మ్యాచ్‌ల అనుభవం ఉంటుంది.

ఇలాంటి సీజన్ కోచ్‌ల పరంపరను కూడా తయారుచేసింది. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో బాస్కెట్‌బాల్‌ను రూపొందించిన జేమ్స్ నైస్మిత్, ఆ తరువాత కాన్సస్ విశ్వవిద్యాలయంలో తొలి కోచ్‌గా పనిచేసి 55 మ్యాచ్‌లు గెలిచి 60 ఓడిపోయాడు. ఆటను పుట్టించినవాడే ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువగా మూటగట్టుకున్న ఏకైక కోచ్‌గా మిగిలిపోయాడు. ఆటను కనిపెట్టడం, ఆడించడం వేర్వేరు విద్యలని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. నైస్మిత్ దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ ఆ రెండో విద్యను వృత్తిగా మలిచాడు. అలెన్ దగ్గర ఆడిన అడాల్ఫ్ రప్ కెంటకీలో 876 విజయాలు, డీన్ స్మిత్ నార్త్ కరొలైనాలో 879 విజయాలు సాధించారు. స్మిత్ తొలి సీజన్ 1961-62లో అతని జట్టు 8 గెలిచి 9 ఓడింది. 1965 జనవరిలో ఒక ఓటమి తరువాత విద్యార్థులే అతని దిష్టిబొమ్మను ఉరితీశారు. అయినా విశ్వవిద్యాలయం అతన్ని తొలగించలేదు, 1997 వరకు 36 సీజన్లు అతను అక్కడే కొనసాగి రెండుసార్లు జాతీయ విజేత అయ్యాడు. ఓడిన ప్రత్యర్థినే మళ్లీ ఎదుర్కొనే వీలు ఉండటం, ఆ వీలు వచ్చేదాకా కోచ్‌ను ఉండనివ్వడం అనే రెండు షరతులూ కుదిరినందువల్లనే ఆ పరంపర సాధ్యమైంది.

పదేపదే తలపడటం ఆట నియమాలను సైతం మార్చగలదు. స్మిత్ జట్టు ఆధిక్యంలో ఉన్నప్పుడు నలుగురిని కోర్టు నాలుగు మూలలకు పంపి, బంతిని ప్రత్యర్థికి అందకుండా తిప్పుతూ సమయాన్ని గడిపేది. ఏటేటా దాన్ని ఎదుర్కొన్న పొరుగు జట్లూ అదే నేర్చుకున్నాయి. 1982లో అట్లాంటిక్ కోస్ట్ కూటమి ఫైనల్ 47-45 స్కోరుతో, బంతి పట్టుకుని కాలయాపన చేసిన మ్యాచ్‌గా ముగిసింది. మరుసటి సీజన్‌లోనే ఆ కూటమి షాట్ క్లాక్‌ను, అంటే నిర్ణీత సెకన్లలోపు బంతిని బుట్టవైపు విసిరి తీరాలనే నియమాన్ని, ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టింది. 1985-86 నాటికి అది 45 సెకన్ల గడువుతో అమెరికా పురుషుల కళాశాల బాస్కెట్‌బాల్ మొత్తానికి వర్తించింది. ఒక ఎత్తుగడ, దానికి విరుగుడు, ఆ విరుగుడును తట్టుకునే మరో ఎత్తుగడ, చివరికి నియమంలోనే మార్పు అనే ఈ క్రమమంతా ఇరుగుపొరుగు జట్లు ఏళ్ల తరబడి ఒకరినొకరు చదువుకోవడం వల్ల సాగింది.

ఈ ఆట తెలుగు నేలకు చేరిన దారిలోనూ స్ప్రింగ్‌ఫీల్డ్ ఉంది. అక్కడ చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా సంస్థను ప్రారంభించాడు. గుంటూరు జిల్లా, అందులోని పల్నాడు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. వ్యాయామ ఉపాధ్యాయుడు అనే వృత్తి, అతను నేర్పే బాస్కెట్‌బాల్, వాలీబాల్ వంటి ఆటలు ఆ సంస్థ ద్వారా దక్షిణాదిన పాఠశాలలకు, కళాశాలలకు వ్యాపించాయి. శిక్షకుడూ వచ్చాడు, బంతీ వచ్చింది. ఇరుగుపొరుగు కళాశాలలు ఏడాది పొడవునా ఆడుకునే సీజన్ మాత్రం రాలేదు.

దాని స్థానంలో ఇక్కడ నెలకొన్నది మెట్ల పద్ధతి. పల్నాడు డిగ్రీ కళాశాలలు 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. అనుబంధ కళాశాలల జట్లు ఏదో ఒక కళాశాల ఆతిథ్యంలో కొద్ది రోజులపాటు అంతర కళాశాలల పోటీలు ఆడతాయి. ఆ పోటీల్లో, సెలక్షన్స్‌లో రాణించినవారితో విశ్వవిద్యాలయ జట్టు ఏర్పడి, శిక్షణ శిబిరం తరువాత సౌత్ జోన్ పోటీలకు వెళుతుంది. దేశాన్ని నాలుగు జోన్లుగా విభజించి ఈ పోటీలను నిర్వహించేది భారత విశ్వవిద్యాలయాల సంఘం. జోన్ స్థాయిలో ముందు నాకౌట్, తరువాత మిగిలిన నాలుగు జట్ల మధ్య లీగ్ జరుగుతాయి. లీగ్ అంటే ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఆడటం. అందువల్ల లీగ్ ఆడే భాగ్యం ఇప్పటికే బలంగా ఉన్న నాలుగు జట్లకే దక్కుతుంది.

నాకౌట్ లెక్క సులభం. 16 జట్లు వస్తే 15 మ్యాచ్‌లతో పోటీ ముగుస్తుంది, ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్ ఆడి బస్సెక్కుతాయి. నిర్వాహకులకు ఖర్చు, రోజులు కలిసొస్తాయి కనుక ఈ పద్ధతి నిలిచింది. కానీ ఎవరికి ఆట ఎక్కువ అవసరమో వారే అందరికన్నా తక్కువ ఆడతారు. పల్నాటి వీరుల కథలో ఒక్క కోడిపోరు మీద ఏడేళ్ల వలసను పందెం ఒడ్డినట్టు, ఏడాది సాధన మొత్తాన్ని డ్రాలో ఎవరు తగులుతారనే దాని మీద ఒడ్డవలసి వస్తుంది.

దీనికి తోడు మరొక విభజన ఉంది. పల్నాడు ఇంజనీరింగ్ కళాశాలలు కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో ఉండగా, డిగ్రీ కళాశాలలు నాగార్జున పరిధిలో ఉన్నాయి. ఫలితంగా నరసరావుపేటలో ఒకే రోడ్డు మీద ఉండే రెండు కళాశాలల జట్లు విశ్వవిద్యాలయ పోటీల్లో ఎన్నడూ ఎదురుపడవు. పక్కనున్న కళాశాలతో ఆడవలసిన జట్టు, తాను మళ్లీ ఎప్పటికీ చూడని జట్లతో ఆడి వస్తుంది. అమెరికాలో కాన్ఫరెన్సులకు పునాది అయిన ఇరుగుపొరుగు పోటీకి ఇక్కడ అధికారిక వ్యవస్థలో తావు దొరకలేదు.

ఈ పరిస్థితిలో కళాశాల ఫిజికల్ డైరెక్టర్, అంటే అందరూ పీడీ గారు అని పిలిచే వ్యాయామ అధ్యాపకుడు చేసే పని ఎలాంటిదో గుర్తించాలి. అమెరికా కోచ్‌కు ఒక్క ఆట, దానికి తోడు సహాయకులు, ప్రత్యర్థుల వీడియోలు ఉంటాయి; పీడీ గారికి కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బాస్కెట్‌బాల్, అథ్లెటిక్స్ అన్నీ ఒక్కరి భుజాల మీదే ఉంటాయి. జట్టు ఎంట్రీ ఫారాలు నింపడం, హాజరు మినహాయింపు కోసం అధ్యాపకులను ఒప్పించడం, ప్రయాణ ఖర్చులకు సంతకాలు సేకరించడం కూడా ఆయన పనే. సౌకర్యాల లేమిని ఆయన ఏదో విధంగా అధిగమిస్తాడు; 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఫైనల్ సైతం ఆరుబయట మట్టి కోర్టులో, వానలో జరిగి 19-8 స్కోరుతో ముగిసిందని గుర్తుచేసుకుంటే మట్టి కోర్టు ఒక్కటే ఆటను ఆపలేదని తెలుస్తుంది. ఆయన అధిగమించలేనిది మ్యాచ్‌ల లేమిని. తన జట్టు జోన్ డిఫెన్స్‌ను, అంటే మనిషిని కాక స్థలాన్ని కాపలా కాసే పద్ధతిని, సరిగా నేర్చిందో లేదో సాధనలో తెలియదు; ఎదుటివారు దూరం నుంచి వరసగా మూడు బుట్టలు వేసినప్పుడే తెలుస్తుంది. అలా తెలిసిన నిమిషానికే పోటీ ముగిసిపోతే, ఆ పాఠాన్ని సరిదిద్దుకునే రోజు మరుసటి ఏడాదికి గానీ రాదు, అప్పటికి జట్టులో సగం మంది చదువు ముగించి వెళ్లిపోతారు.

సీజన్ వస్తే ఇక్కడి ఆట ఎలా మారుతుందో చూడటానికి కబడ్డీ చాలు. 2014లో ఎనిమిది జట్లతో మొదలైన ప్రొ కబడ్డీలో తెలుగు టైటాన్స్‌తో సహా ప్రతి జట్టూ మిగిలిన ఏడింటితో రెండేసి సార్లు తలపడింది. లీగ్ దశలోనే 56 మ్యాచ్‌లు జరిగాయి. కూతకు వెళ్లేవాడు ఏ చేత్తో తాకుతాడో, ఏ వైపు నుంచి బోనస్ గీతను అందుకుంటాడో మొదటి మ్యాచ్‌లోనే తెలిసిపోతుంది కనుక, రెండోసారి ఎదురైనప్పుడు మూలన నిలిచే డిఫెండర్ ఆ అడుగు కోసమే కాచుకుని ఉంటాడు. రైడర్ కొత్త కదలిక నేర్చుకుని రాకపోతే పట్టుబడతాడు. వరసగా రెండు కూతలు పాయింటు లేకుండా ముగిస్తే మూడో కూతలో పాయింటు తెచ్చి తీరాలనే నిబంధన ఉండటం వల్ల, ఎవరిని ఎప్పుడు పంపాలన్నది కూడా కోచ్ ముందుగా ఆలోచించవలసిన విషయమైంది. తిరునాళ్ల మైదానాల్లో ఒక్క రాత్రి పోటీలకు అలవాటుపడిన ఆట, సీజన్ రాగానే చదివి ఆడే ఆటగా మారింది.

కనుక పల్నాడుకు కావలసినది స్టేడియం కన్నా ముందు ఒక షెడ్యూలు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లా ఇలాంటి ప్రయత్నానికి సరిగ్గా సరిపోయే విస్తీర్ణంలో ఉంది. వినుకొండ నుంచి నరసరావుపేట దాదాపు 40 కిలోమీటర్లు; పిడుగురాళ్ల, సత్తెనపల్లి, మాచర్ల, గురజాల ఆర్టీసీ బస్సులో ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రాగలిగినవే. ఆరు పట్టణాల జట్లు ఒక్కొక్క ప్రత్యర్థితో రెండుసార్లు ఆడితే మొత్తం 30 మ్యాచ్‌లు. ఒక్కో జట్టుకు పది, అందులో ఐదు సొంత ఊళ్లో. ఇంజనీరింగ్, డిగ్రీ అనే తేడా లేకుండా పట్టణాన్ని ప్రమాణంగా తీసుకుంటే విశ్వవిద్యాలయాల విభజన కూడా అడ్డురాదు. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే కనుక వానలు వెనకబట్టాక మొదలుపెట్టి, కోటప్పకొండ తిరునాళ్లు జరిగే శివరాత్రి లోపు ముగించాలి. ఆదివారాలకు పరిమితం చేస్తే సెమిస్టర్ తరగతులకూ నష్టం ఉండదు. బాస్కెట్‌బాల్‌కు సరైన రింగులు, గట్టి నేల ఉన్న కళాశాలలు తక్కువైతే కబడ్డీతో ప్రారంభించవచ్చు. అమ్మాయిల జట్లకు పగటి మ్యాచ్‌లు, చీకటి పడే లోపు తిరుగు ప్రయాణం ముందే ఖాయం చేస్తే తల్లిదండ్రుల అభ్యంతరం చాలావరకు తొలగుతుంది.

అమెరికా నమూనాలో వదిలిపెట్టవలసినవీ ఉన్నాయి. టెలివిజన్ ఆదాయం వెంట పరుగెత్తిన బిగ్ టెన్ 2024లో 18 విశ్వవిద్యాలయాలతో దేశం ఈ తీరం నుంచి ఆ తీరం దాకా విస్తరించింది. అంత పెద్ద కూటమిలో అందరూ అందరితో రెండుసార్లు ఆడటం సాధ్యం కాదు. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం ద్వారా ఆదాయం పొందే వీలు కలిగింది. దశాబ్దాల పాటు వారికి దక్కకుండా పోయిన న్యాయమే అది. కానీ ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొకదానికి మారడం కూడా సులువైపోవడంతో, నాలుగేళ్లు ఒకే కోచ్ దగ్గర ఎదిగే విద్యార్థి అరుదవుతున్నాడు. అంటే కూటమి పుట్టిన చోటే ఇరుగుపొరుగుతనం పలచబడుతోంది. పల్నాడు తీసుకోవలసినది ఆ తొలి రూపాన్ని.

విశ్వవిద్యాలయ స్థాయి ధ్రువపత్రం ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాకు పనికొస్తుంది కాబట్టి, విద్యార్థులు ఆ ఒక్క మెట్టు కోసం ఆడటంలో తప్పు లేదు. అయితే ఆ మెట్టు ఎక్కేది ప్రతి కళాశాల నుంచి ఒకరిద్దరే. మిగిలినవారికి కళాశాల ఏమిచ్చిందన్న ప్రశ్నకు ప్రస్తుత వ్యవస్థ దగ్గర జవాబు లేదు. పది మ్యాచ్‌ల సీజన్‌లో ఏడు ఓడిన జట్టుకు కూడా పది సందర్భాల్లో తనను తాను పరీక్షించుకునే వీలు దొరుకుతుంది, దాని పీడీ గారికి పది వారాల పాటు నిజమైన కోచ్ పని దొరుకుతుంది. దీనికి కొత్త చట్టంగానీ, పెద్ద నిధులుగానీ అక్కరలేదు. విద్యా సంవత్సరం మొదట్లో ఆరు పట్టణాల ప్రిన్సిపాళ్లు, పీడీలు కూర్చుని తేదీలు రాసుకుంటే చాలు. ఆ తేదీల్లో ప్రతి ప్రత్యర్థి పేరూ రెండుసార్లు ఉండాలన్నదే అసలు షరతు.